పాల బండి బ్రేకు పట్టుకుపోకుండా ఉండాలంటే

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యులు, రూటు బండ్ల యజమానులు, డ్రైవర్లు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సమావేశం అనగానే వెన్న శాతం, దాణా, పచ్చిగడ్డి, గాలికుంటు టీకా, ఈ నాలుగు విషయాలే మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈ పూట నేను చెప్పబోయేది బండి బ్రేకు గురించి. అందులోనూ బ్రేకులో ఒక చిన్న భాగానికి పూసే గ్రీజు గురించి. పాల రైతుకు దీనితో ఏమి పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన పాలు ఇంటి నుండి శీతలీకరణ కేంద్రం దాకా చేరేది బండి మీదనే. ఆ బండి కిరాయి పోయేది మన పాల ధరలో నుండే. ఆ బండి నడిపేది మన ఊరి పిల్లవాడే. కావున ఇది మన విషయమే.

పాలకూ బ్రేకుకూ సంబంధం

పొదుగు నుండి వచ్చిన పాలు గోరువెచ్చగా ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంట లోపలే రెట్టింపు కాగలవు. కొద్ది గంటల లోపల పాలను 4 డిగ్రీల చల్లదనానికి తేవాలని మనం చెప్పుకునేది అందుకే. ఎండాకాలంలో జగిత్యాల, రామగుండం ప్రాంతాలలో వేడి 45 డిగ్రీలు దాటుతుంది. అటువంటి రోజున బ్రేకు పట్టుకుని బండి దారిలో రెండు గంటలు ఆగితే, డబ్బాలలోని పాలు కేంద్రానికి చేరేసరికి పులిసిపోయి ఉంటాయి. పులిసిన పాలకు ధర రాదు. ఆ నష్టం డ్రైవరుది మాత్రమే కాదు, ఆ రూటులోని అన్ని ఊళ్లదీ.

ఇక బరువు సంగతి. 40 లీటర్ల డబ్బా నిండా పాలుంటే, డబ్బా బరువుతో కలిపి దాదాపు 50 కిలోలు. 20 డబ్బాలు ఎక్కిస్తే ఒక టన్ను. బండి బరువుతో కలిపి 2 టన్నులు అనుకుందాం. 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఆ బండిని ఒక్కసారి ఆపితే బ్రేకులలో పుట్టే వేడి, అర లీటరు నీళ్లను మరుగు పట్టించడానికి సరిపోతుంది. ఊరూరా ఆగుతూ పోయే పాల బండి ఒక్క పూటలో ఎన్నిసార్లు ఆగుతుందో మీకు తెలుసు. అంటే మన బండి చక్రాల దగ్గర రోజూ పొయ్యి వెలుగుతున్నదన్న మాట. ఆ పొయ్యి పక్కనే రబ్బరు ఉంది, బ్రేక్ ఆయిల్ ఉంది, గ్రీజు ఉంది.

క్యాలిపర్ ఎట్లా పనిచేస్తుంది

పాత జీపులకు, లారీలకు డ్రమ్ము బ్రేకులే ఉండేవి. ఇప్పుడు మన రూట్లలో తిరిగే చిన్న ట్రక్కులకు, పికప్ బండ్లకు చాలావాటికి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకు, వెనుక చక్రాలకు డ్రమ్ము ఉంటాయి. మోటారు సైకిలు మీద డబ్బాలు తెచ్చే సభ్యులలో కూడా చాలామందికి ముందు డిస్క్ బ్రేకు ఉంటుంది. మూడు చక్రాల ట్రాలీలకు ఎక్కువగా డ్రమ్ములే. ఈ ప్రసంగం డిస్క్ బ్రేకు గురించి.

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెమే డిస్క్. దానికి అటు ఒకటి, ఇటు ఒకటి రెండు ప్యాడ్లు ఉంటాయి. ఆ రెండింటినీ పట్టుకుని, పట్టకారు మాదిరిగా డిస్కును బిగించేదే క్యాలిపర్. మనం పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరులోని ద్రవం గొట్టం ద్వారా వచ్చి క్యాలిపర్ లోని పిస్టన్ ను నెడుతుంది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. మన బండ్లలో సాధారణంగా పిస్టన్ లోపలి వైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడును డిస్కుకు ఆనిస్తుంది. ప్యాడు ఆనిన తరువాత ఇక ముందుకు పోలేదు కనుక, క్యాలిపర్ మొత్తం లోపలి వైపుకు జరిగి బయటి ప్యాడును కూడా లాక్కొచ్చి డిస్కుకు ఆనిస్తుంది. అట్లా జరగడానికి దానికి రెండు నున్నటి ఉక్కు పిన్నులు ఉంటాయి. మెకానిక్కులు వీటిని స్లైడ్ పిన్నులు అంటారు. అవి తమ గుంతలలో ముందుకూ వెనక్కూ జారుతుంటాయి. నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా ఒక్కొక్క పిన్నుకు ముడతల రబ్బరు తొడుగు ఉంటుంది.

కాలు తీసిన తరువాత పిస్టన్ ను వెంట్రుకవాసి వెనక్కి తెచ్చేది స్ప్రింగు కాదు, పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు. తొక్కినప్పుడు కొంచెం వంగి, వదలగానే తిరిగి నిటారు అవుతూ పిస్టన్ ను వెనక్కి లాగుతుంది. అంతటి చిన్న కదలిక మీదనే బ్రేకు వదలడం ఆధారపడి ఉంది. పిన్నులు ఏ మాత్రం బిగుసుకున్నా ఆ కదలిక ఆగిపోతుంది, ప్యాడు డిస్కును రాస్తూనే ఉంటుంది. మనం బ్రేకు పట్టుకున్నదని చెప్పుకునేది దీనినే.

ఎందుకు పట్టుకుంటుంది

మొదటి కారణం నీళ్లు. పాల బండిని రోజూ కడుగుతాం, కడగాలి కూడా. కాని గట్టి ధారను చక్రాల లోపలికి కొట్టినప్పుడు, డబ్బాలు కడిగిన సోడా నీళ్లు చక్రాల మీదుగా పారినప్పుడు, చిరిగిన తొడుగులో నుండి నీరు పిన్ను గుంతలోకి దిగుతుంది. అక్కడ తుప్పు పుడుతుంది.

రెండవది దుమ్ము. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో విడిపోయి ఇప్పుడు అనేక జిల్లాలైనా దుమ్ము మాత్రం విడిపోలేదు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు పొడి, గోదావరిఖని, రామగుండం వైపు బొగ్గు పొడి, మంచిర్యాల వైపు సిమెంటు పొడి, ఆదిలాబాదులో వానాకాలం నల్లరేగడి బురద. ఇవి గ్రీజులో కలిస్తే ఆ గ్రీజు కందెనగా కాక ఆకురాయిగా పనిచేస్తుంది.

మూడవది వేడి, చలి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలోనే, చలికాలంలో ఆదిలాబాదులో తెల్లవారుజామున 5 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. పొద్దుటి పాల బండి బయలుదేరేది సరిగ్గా ఆ వేళకే. తక్కువ రకం గ్రీజు వేడికి కరిగి కారిపోతుంది, లేదా ఎండి పొలుసు కడుతుంది, చలికి మైనంలా గట్టిపడుతుంది.

నాలుగవ కారణమే ఈనాటి ప్రసంగానికి మూలం. పట్టుకున్న బ్రేకు పట్టు వదలాలని మనమే తప్పు గ్రీజు పూయడం.

కందెన అంతా ఒకటి కాదు

ఎడ్లబండి కాలంలో ఇరుసుకు కందెన వేసేవాళ్లం. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి పూస్తే బండి కిర్రుమనకుండా నడిచేది. ఆ ఇరుసు దగ్గర కట్టె, ఇనుము తప్ప మరొకటి లేదు. కాబట్టి ఏది జారితే అది పనికి వచ్చింది. ఆ అలవాటు కొద్దీ, "గ్రీజేదైతేంది సారూ, జారితే చాలదా?" అని ఇప్పటికీ చాలామంది అడుగుతారు.

క్యాలిపర్ పిన్ను దగ్గర చాలదు. అక్కడ ఉక్కుతో పాటు రబ్బరు ఉంది. ఆ రబ్బరు సాధారణంగా ఇ.పి.డి.ఎం. అనే రకానికి చెందినది. బ్రేకు ద్రవానికి తట్టుకుంటుందని దానిని ఎంచుకున్నారు. కాని భూమిలో నుండి తీసిన ఖనిజ నూనె ఆ రబ్బరుకు పడదు. ఖనిజ నూనె తగిలితే అది నీళ్లలో నానిన శనగ గింజలా ఉబ్బి మెత్తబడుతుంది.

గ్రీజు అంటే నూనెను పట్టి ఉంచే సబ్బు వంటి పదార్థం. వత్తిలో నూనె నిలిచినట్లు అందులో నూనె నిలిచి ఉంటుంది. మెకానిక్ షాపులో డబ్బాలో ఉండే ఎంపీ గ్రీజు, ఎపీ-3 గ్రీజు వంటివి లిథియం సబ్బుతో చేసినవి. వాటిలో ఉండేది సాధారణంగా ఖనిజ నూనె. చక్రం బేరింగుకు అవి చక్కగా పనికి వస్తాయి. అదే గ్రీజును పిన్నుకు పూస్తే మొదటి నెల బ్రేకు నున్నగా పనిచేస్తుంది. మెకానిక్కుకు మెప్పు దొరుకుతుంది. తరువాత తొడుగు ఉబ్బుతుంది, పిన్ను చివర ఉండే రబ్బరు బుష్ ఉబ్బి గుంతలో బిగుసుకుంటుంది. అప్పుడు బ్రేకు మునుపటి కంటే గట్టిగా పట్టుకుంటుంది. గ్రీజు చాలలేదేమో అని మళ్లీ అదే పూస్తాం. మందే రోగమవుతుంది.

దీనిని మీ సంఘం కార్యాలయంలోనే పరీక్షించి చూడవచ్చు. మెకానిక్ దగ్గర పారవేసిన మంచి తొడుగు ఒకటి తెచ్చి, రెండు ముక్కలు చేయండి. ఒక గాజు సీసాలో ఇంజన్ ఆయిలు పోసి అందులో ఒక ముక్క వేయండి. రెండవ ముక్కకు బ్రేకు పిన్నుల సిలికాన్ గ్రీజు పూసి వేరే సీసాలో ఉంచండి. ఒక వారం తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నా మాటల కంటే ఆ రెండు ముక్కలు బాగా చెబుతాయి.

ఏ చోట ఏది పూయాలి

1. స్లైడ్ పిన్నులకు: సిలికాన్ నూనెతో చేసిన బ్రేకు గ్రీజు, లేదా రబ్బరుకు హాని చేయని సింథటిక్ బ్రేకు గ్రీజు. డబ్బా మీద బ్రేకు క్యాలిపర్ పిన్నులకు అని, ఇ.పి.డి.ఎం. రబ్బరుకు సురక్షితం అని స్పష్టంగా రాసి ఉండాలి. మంచి సిలికాన్ గ్రీజు గడ్డకట్టే చలి నుండి దాదాపు 200 డిగ్రీల వేడి వరకు ఒకే తీరుగా ఉంటుంది, నీటికి కొట్టుకుపోదు. ఖనిజ నూనెతో చేసిన మామూలు లిథియం గ్రీజు 180 డిగ్రీల దగ్గర కరిగి జారుతుంది. 120, 130 డిగ్రీల వద్ద ఎక్కువ కాలం ఉంటేనే చెడిపోతుంది.

2. ప్యాడు చెవులు జారే గాడులకు: ఇక్కడ ఇనుముకు ఇనుము తగులుతుంది, వేడి ఎక్కువ. ముందు వైరు బ్రష్షుతో తుప్పు గీకాలి. తరువాత ఎక్కువ వేడికి తట్టుకునే సిరామిక్ రకం బ్రేకు పేస్టు పలుచగా రుద్దాలి. ఇది ప్యాడు ముఖానికి ఏ మాత్రం తగలరాదు.

3. పిస్టన్, దాని సీలుకు: ఇక్కడ పిన్నుల గ్రీజు వాడరాదు. క్యాలిపర్ విప్పి సీలు మార్చేటప్పుడు శుభ్రమైన కొత్త బ్రేకు ద్రవంతో తడిపి ఎక్కించాలి. లేదా ఎర్ర రబ్బరు గ్రీజు అని దొరికే రకం వాడాలి. ఈ ఎర్ర గ్రీజును ఆముదం ఆధారంగా తయారుచేస్తారు. హైడ్రాలిక్ బ్రేకుల తొలి దశాబ్దాలలో బ్రేకు ద్రవంలోనే ఆముదం, ఆల్కహాలు కలిపేవారు. ఆముదం ఖనిజ నూనె కాదు, చెట్టు గింజ నూనె. ఆనాటి రబ్బరుతో దానికి పొత్తు కుదిరింది. అట్లాగని ఇంట్లోని ఆముదం తెచ్చి పూయకూడదు. అది గాలికి జిగురుకట్టి దుమ్మును పట్టుకుంటుంది.

4. రాగి రంగు పేస్టు: ఇది బోల్టులు తుప్పుతో బిగుసుకోకుండా పూసేది. ఇందులో సాధారణంగా ఖనిజ నూనె, రాగి పొడి ఉంటాయి. పిన్నులకు, రబ్బరుకు వాడరాదు.

ఇక ఎక్కడా పూయకూడనివి: ఇంజన్ ఆయిలు, డీజిలు, వాడిన నల్ల నూనె, వాజలిన్, డాల్డా. ఇవన్నీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పూస్తూనే ఉన్నారు కనుక పేర్లు చెప్పవలసి వచ్చింది.

మరొక మాట. మనం దానిని బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం కాని అది నూనె కాదు. అది గ్లైకాల్ అనే వేరే పదార్థం. ఆయిల్ అన్న పేరు నమ్మి అందులో చుక్క ఇంజన్ ఆయిలు పోసినా మాస్టర్ సిలిండరు నుండి నాలుగు చక్రాల దాకా రబ్బరు అంతా ఉబ్బిపోతుంది. అప్పుడు ఖర్చు గ్రీజు ట్యూబుతో పోదు.

పూసే పద్ధతి

బండిని సమతలంపై నిలిపి, వెనుక చక్రాలకు రాళ్లు కాదు, సరైన చెక్క అడ్డులు పెట్టాలి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టరాదు, స్టాండు కూడా పెట్టాలి. బ్రేకులు పూర్తిగా చల్లారిన తరువాతనే పని మొదలు పెట్టాలి.

క్యాలిపర్ విప్పిన తరువాత దానిని గొట్టానికి వేలాడదీయకండి. తీగతో పైకి కట్టండి. ప్యాడుల దగ్గరి ధూళిని నోటితో గాని గాలి గొట్టంతో గాని ఊదరాదు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవాలి.

రెండు పిన్నులను బయటికి లాగి, ఏది పైది, ఏది కిందిది గుర్తు పెట్టుకోండి. చాలా బండ్లలో రెండూ ఒకటి కావు, ఒకదాని చివర రబ్బరు బుష్ ఉంటుంది. పాత గ్రీజును బ్రేకు క్లీనరుతో గాని, స్పిరిటుతో గాని పూర్తిగా తుడవాలి. పిన్ను గుంతను కూడా సన్నని బ్రష్షుతో తుడవాలి. పెట్రోలు, కిరోసిన్, డీజిలుతో కడగడం మన షాపులలో మామూలు. రబ్బరు విషయంలో అవి కూడా ఖనిజ నూనె సంతతే, కాబట్టి వద్దు. పాత గ్రీజు మీద కొత్తది పూయడం కూడా వద్దు. రెండు రకాలు కలిస్తే రెండూ చెడవచ్చు.

పిన్ను మీద పైపై తుప్పు ఉంటే సన్నని ఎమెరీ కాగితంతో తీయవచ్చు. గుంటలు పడి ఉంటే పిన్ను మార్చాలి. తొడుగు చిరిగినా, ఉబ్బినా మార్చాలి. చిరిగిన తొడుగు కింద ఎంత మంచి గ్రీజు పూసినా, కారే కప్పు కింద గడ్డివామి పెట్టినట్లే.

గ్రీజు ఒక్కొక్క పిన్నుకు శనగ గింజంత చాలు. పలుచగా, అన్ని వైపులా సమంగా రుద్దాలి. గుంతలో నింపకూడదు. ఆ గుంత అవతలి వైపు మూసి ఉంటుంది. ఎక్కువ గ్రీజు పెడితే లోపలి గాలి ఇరుక్కుని, పిన్ను లోపలికి పోకుండా బయటికి తన్నుతుంది. అది కూడా బ్రేకు పట్టుకోవడానికి ఒక కారణమే. పిన్నును లోపలికి నెట్టేటప్పుడు తొడుగు అంచును కొంచెం ఎత్తి గాలి పోనివ్వాలి. తరువాత బొటనవేలితో నెట్టి చూస్తే పిన్ను నిదానంగా, ఆగకుండా జారాలి.

బోల్టులను కంపెనీ పుస్తకంలో చెప్పినంత బిగువుతో బిగించాలి. చివరగా, బండి కదిలించక ముందు పెడలును గట్టిపడే వరకు నాలుగైదు సార్లు తొక్కాలి. ఇది మరిచిపోతే మొదటి తొక్కుకు బ్రేకు పడదు. ఊరిలోనే నెమ్మదిగా నడిపి చూసిన తరువాతనే రూటుకు పంపాలి.

ముందుగా తెలుసుకునే గుర్తులు

బర్రెకు జబ్బు చేస్తే నెమరు ఆపుతుంది, చెవులు వాలుస్తుంది. బ్రేకు కూడా అట్లాగే ముందుగా చెబుతుంది. బండి ఒక పక్కకు లాగుతుంది. ఒక చక్రం దగ్గర కాలిన వాసన వస్తుంది. రూటు ముగిసి ఆగగానే అరచేతి వెనుక వైపును చక్రాల దగ్గరగా, తాకకుండా పెట్టి చూస్తే ఒక చక్రం మిగిలిన వాటి కంటే ఎక్కువ సెగ కొడుతుంది. సమతలంలో న్యూట్రలు చేసి వదిలితే బండి తొందరగా ఆగిపోతుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది. ప్యాడ్లు విప్పి చూస్తే లోపలిది అరిగిపోయి బయటిది మందంగా ఉంటుంది, లేదా ప్యాడు ఏటవాలుగా అరుగుతుంది. లోపలిది మాత్రమే అరిగితే పిన్నులను అనుమానించాలి.

వేడెక్కిన డిస్కు మీద నీళ్లు మాత్రం పోయవద్దు. అది వంకరపోవచ్చు.

ఇంతకూ ఏమి ప్రమాదం

పట్టుకున్న బ్రేకు అంటే బండి ఆగుతుందే గాని, ఆగకుండా పోదు కదా అని కొందరి ధీమా. ఇది పెద్ద పొరపాటు. పట్టుకున్న ప్యాడు దారి పొడుగునా డిస్కును రాస్తూ వేడెక్కిస్తుంది. ఆ వేడి పిస్టన్ ద్వారా బ్రేకు ద్రవానికి పాకుతుంది. డాట్ 3 రకం కొత్త ద్రవం 205 డిగ్రీలకు మరగాలని ప్రమాణం. కాని ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన తరువాత ప్రమాణం 140 డిగ్రీలకు దిగిపోతుంది. డాట్ 4కు ఇవి 230, 155 డిగ్రీలు. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి అణుగుతుంది కనుక, పెడలు మెత్తగా నేల దాకా పోతుంది, బ్రేకు పడదు. మైదానంలో పట్టుకున్న బ్రేకే ఘాటు దిగేటప్పుడు పడని బ్రేకు అవుతుంది.

మన రూట్లలో దిగుడు దారులు తక్కువేమీ లేవు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాటు ఉంది. ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాటు ఉంది. జగిత్యాల జిల్లాలో కొండగట్టు ఉంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దారిలో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల ఊళ్లవారే ఎక్కువమంది. ఆ బస్సు బ్రేకులు వేరు, మన పాల బండి బ్రేకులు వేరు. ఆ ప్రమాదానికి కారణాలు చెప్పడానికి నేను ఆ మాట ఎత్తలేదు. దిగుడు దారిలో బరువు బండికి రెండవ అవకాశం ఉండదని ఆ రోజు తరువాత ఈ ప్రాంతంలో ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు. డబ్బాలతో నిండిన బండి దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలి. ఒక చక్రం కాలిన వాసన వస్తుంటే దిగనే కూడదు.

గ్రీజుతో నయం కానివి

అన్ని రోగాలకు ఒకే మందు లేదు. పిస్టన్ తుప్పు పట్టినా, సీలు గట్టిపడినా గ్రీజుతో లాభం లేదు, క్యాలిపర్ విప్పి కిట్టు మార్చాలి. రబ్బరు గొట్టం లోపల వాచి మూసుకుపోయినా బ్రేకు వదలదు. దీనికి ఒక పరీక్ష ఉంది. పట్టుకున్న చక్రాన్ని జాకీ మీద లేపి, మెకానిక్ చేత బ్లీడర్ నిపిలును కొద్దిగా వదులు చేయించండి. చుక్క ద్రవం చిమ్మి చక్రం వెంటనే తిరిగితే ద్రవం ఎక్కడో నిలిచిపోతున్నదని, గొట్టం గాని మాస్టర్ సిలిండరు గాని చూడాలని అర్థం. అప్పటికీ తిరగకపోతే తప్పు పిన్నులలోనో, పిస్టన్ లోనో, ప్యాడు గాడులలోనో ఉంది. తరువాత నిపిలు బిగించి, గాలి తీయించి, ద్రవం మట్టం సరిచూడటం మరువరాదు.

సంఘాలు చేయవలసిన పని

రోజుకు రెండు పూటలు కలిపి 100 కిలోమీటర్లు నడిచే రూటు బండి 100 రోజులలో 10 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. కావున 10 వేల కిలోమీటర్లకు ఒకసారి పిన్నులు జారుతున్నాయా అని చూడాలి. సంవత్సరానికి రెండుసార్లు, మృగశిర కార్తె ముందు ఒకసారి, వానలు తగ్గిన తరువాత దసరా, దీపావళి మధ్య ఒకసారి, పిన్నులు విప్పి తుడిచి కొత్త గ్రీజు పూయాలి. బ్రేకు ద్రవాన్ని రెండేళ్లకు ఒకసారి పూర్తిగా మార్చాలి.

రూటు కాంట్రాక్టు రాసుకునేటప్పుడు బండి చేరవలసిన వేళ, డబ్బాల లెక్క రాస్తాం. దానితో పాటు ఈ రెండు తేదీలు కూడా రాయించండి. తక్కువ కిరాయికి ఒప్పుకున్న యజమాని ఎక్కడ మిగుల్చుకుంటాడో మనకు తెలియనిది కాదు. బండి మరమ్మతులోనే మిగుల్చుకుంటాడు. ఆ మిగులు డ్రైవరు ప్రాణం మీదకు రాకుండా చూడవలసినది సంఘమే. ఒక రూటులోని నాలుగైదు సంఘాలు కలిసి ఒక ట్యూబు మంచి పిన్ను గ్రీజు కొని కార్యదర్శి దగ్గర ఉంచితే, ఆ రూటు బండ్లకు ఒక సంవత్సరం సరిపోతుంది. మెకానిక్ దగ్గర లేదన్న మాటకు అవకాశం ఉండదు. మెకానిక్కును నిందించనక్కరలేదు. ట్యూబు చేతికిచ్చి, "అన్నా, పిన్నులకు ఇదే పెట్టు" అంటే చాలు.

సభ్యుల ప్రశ్నలు

ఒక సభ్యుడు: మా మోటారు సైకిలుకు కూడా ఇదే గ్రీజా?

జవాబు: డిస్కు బ్రేకు అయితే అవును, ఇదే పద్ధతి. గ్రీజు ఇంకా తక్కువ పడుతుంది. అటు ఇటు డబ్బాలు వేలాడుతున్న మోటారు సైకిలుకు ముందు బ్రేకు పట్టుకుంటే మనిషి పడతాడు. కాబట్టి మీకు మరీ ముఖ్యం.

ఒక డ్రైవరు: ప్యాడుకు గ్రీజు అంటుకుంటే తుడిచి వాడొచ్చా సారూ?

జవాబు: వద్దు. ప్యాడు గ్రీజును పీల్చుకుంటుంది, పైన తుడిస్తే పోదు. ఆ చక్రానికే కాక, ముందు రెండు చక్రాలకూ కొత్త ప్యాడ్లు వేయాలి. ఒక వైపు మాత్రమే మారిస్తే బండి పక్కకు లాగుతుంది.

ఒక మహిళా సభ్యురాలు: ఇదివరకు మామూలు గ్రీజు పెట్టించినం. ఇప్పుడేం చేయాలె?

జవాబు: కంగారు పడవద్దమ్మా. వెంటనే విప్పించి పూర్తిగా తుడిపించండి. తొడుగు పాతదానికి కొత్తదానికి పోల్చి చూడండి. ఉబ్బినట్లు కనిపిస్తే తొడుగులు, బుష్ మార్పించి సరైన గ్రీజు పెట్టించండి. పిన్ను బాగుంటే అదే పనికి వస్తుంది.

ఒక కార్యదర్శి: బండి కడగకుండా ఉండలేం గదా?

జవాబు: కడగవలసిందే. ధారను చక్రం లోపలికి సూటిగా కొట్టకండి. కడిగిన తరువాత కొద్ది దూరం నెమ్మదిగా నడుపుతూ మూడు నాలుగు సార్లు బ్రేకు తొక్కితే ప్యాడ్లు ఆరిపోతాయి. తడి బ్రేకుతో బండిని రాత్రంతా నిలపకండి.

సోదర సోదరీమణులారా, పాలలో నీళ్లు కలిపితే చూపుకు పాలలాగే ఉంటాయి, లాక్టోమీటరు పెడితే గాని తెలియదు. గ్రీజు కూడా చూపుకు అంతా ఒకటే. దానికి మన చేతిలో లాక్టోమీటరు లేదు, డబ్బా మీది అక్షరాలే మనకు ఆధారం. కొనే ముందు చదవండి, చదవరాకపోతే మీ పిల్లల చేత చదివించండి.